వెనక్కి వంచిన ప్లేటు

విరిగిన ప్లేటు ఎవరి చేతి మీదుగా వెళ్ళిందో తెలిసేదాకా నిద్ర పట్టదనుకుంది చెల్లెలు. తెలిశాక అసలే పట్టలేదు.

నాలుగు నెలల కిందట ఒక బస్సు డ్రైవరుకు తొడ ఎముక విరిగితే, ఆస్పత్రిలో ఉక్కు ప్లేటు పెట్టి మరలు బిగించారు. పన్నెండో వారంలో ఆ ప్లేటు ఒంట్లోనే రెండు ముక్కలైంది. ముక్కలు బయటికి తీసి, కారణం తేల్చమని చెల్లెలు పనిచేసే లోహాల లాబ్‌కు పంపించారు. అలా వచ్చే డబ్బాల మీద డాక్టరు పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఆ నంబరు వెనకున్న మనిషి తన సొంత అక్కేనని పోయిన వారం బయటపడింది.

లాబ్ పెద్దాయన ఆ పూటే రిపోర్టు తన పేరు మీదికి మార్చుకున్నాడు. కొలతలన్నీ మొదటి నుంచి మళ్ళీ తానే చూశాడు. అంతా అయ్యాక కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "రిపోర్టు సోమవారం వెళ్తుంది. ఆ డ్రైవరుకి రెండో ఆపరేషను శుక్రవారం. చేసేది మీ అక్కే. అక్కాచెల్లెళ్ళు కలిసి భోంచెయ్యకూడదని మన రూల్సులో ఎక్కడా లేదు కదమ్మా."

అందుకే గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు, భుజానికి బరువైన సంచీ తగిలించుకుని, చెల్లెలు ఆస్పత్రి రెండో అంతస్తులో అక్క గది తలుపు తోసింది.

అక్క అప్పుడే క్యారియరు మూత తీస్తోంది. బల్ల మీద ప్లాస్టిక్ మోకాలి బొమ్మ, దాని కీలులో గుచ్చిన పెన్ను, గోడకి ఎవరిదో తుంటి ఎక్స్-రే.

"ఏమే ఇనప్పిల్లా! ఫోనన్నా చెయ్యకుండా ఊడిపడ్డావు. ఎవరైనా పోయారా ఏంటి?"

చిన్నప్పుడు రోడ్డు మీద దొరికిన మేకులూ మరలూ గౌను జేబులో నింపుకొచ్చేదని పెట్టిన పేరది. ఇంట్లో మిగతావాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. అక్క మరిచిపోలేదు.

"ఎవరూ పోలేదు. ముందు ఇది వంచు." సంచీలోంచి కొత్త ప్లేటు ఒకటి, దాన్ని వంచే పెద్ద పట్టకారు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది చెల్లెలు. డ్రైవరుకు వేసిన రకమే. అదే కంపెనీ, అదే బ్యాచ్.

"ఆకలేస్తోంటే ఇదేం ఆటే?"

"ఆపరేషన్లో ఎలా వంచుతావో అలాగే వంచక్కా. నా కోసం."

అక్క విసుక్కుంటూనే లేచింది. పట్టకారులో ప్లేటు బిగించి, మోచేతులు నడుముకి ఆనించి, భుజాల బలమంతా వేసి నొక్కింది. ఉక్కు మొండికేసింది. మొండికేసి, చివరికి వంగింది. అక్క దాన్ని మోకాలి బొమ్మలోని తొడ ఎముక పక్కన పెట్టి ఒక కన్ను మూసి చూసింది.

"కాస్త ఎక్కువైంది," అంటూ ప్లేటు తిప్పి పట్టుకుని రెండో వైపుకి నొక్కింది. ఈసారి మోచేతులు ఆనించే అవసరం కూడా రాలేదు. ప్లేటు ఇట్టే వచ్చేసింది. ఎముక మీద పెడితే అతికినట్టు కూర్చుంది.

"చూశావా, మొదట బెట్టు చేసినా తర్వాత ఎలా మాట వింటుందో," అంది అక్క ముచ్చటగా.

చెల్లెలు నవ్వలేదు.

"ఎప్పుడూ ఇంతేనా? ముందు కాస్త ఎక్కువ వంచడం, తర్వాత వెనక్కి తేవడం?"

"పదకొండేళ్ళుగా. ఒకేసారి సరిగ్గా రావాలంటే ఎవరి వల్ల అవుతుంది? ఎందుకలా మొహం పెట్టావు?"

"రెండోసారి అంత తేలిగ్గా ఎందుకు వంగిందంటావు?"

"అలవాటు పడుంటుంది."

"కాదక్కా. లోపల దెబ్బ తింది."

అక్క చేతిలో ప్లేటు అలాగే ఆగిపోయింది.

చెల్లెలు బస్సులో వస్తూ ఈ మాటలు పదిసార్లు అనుకుంది. "ఇది పైకి ఒకటే ముద్దలా ఉంటుంది గానీ, రెండు మూడు లోహాలు కలిపి కరిగించింది. లోపల కంటికి కనపడని రేణువులు లక్షలుంటాయి. వంచినప్పుడు కొన్ని లొంగి సాగిపోతాయి. కొన్ని లొంగవు. ఆ లొంగనివి స్ప్రింగుల్లా బిగుసుకుని వెనక్కి లాగుతూనే ఉంటాయి. నువ్వు చెయ్యి తీసేసినా ఆ లాగుడు లోపలే ఉండిపోతుంది. వెనక్కి వంచేటప్పుడు నీ చేతికి సాయపడింది అదే. నీ మాట వినడం కాదు."

"సరే. వంగితే వంగింది. ఇప్పుడు తిన్నగానే ఉందిగా?"

"కంటికి ఉంది. ఇదిగో, చర్మం వైపుండే ఈ ముఖాన్ని మొదట సాగదీశావు, తర్వాత అదే ముఖాన్ని అణిచావు. అణిచి వదిలేస్తే, ఏ బరువూ లేకపోయినా ఆ ముఖం లోలోపల లాగుతున్నట్టే మిగిలిపోతుంది. ఇక మనిషి అడుగు వేసిన ప్రతిసారీ లాగబడేది మళ్ళీ అదే ముఖం. ఉన్న లాగుడు మీద ఇంకో లాగుడు. దానికి తోడు పట్టకారు నొక్కిన చోట గాటు. పగులు మొదలైంది ఆ గాటు దగ్గరే అక్కా."

"ఏ పగులు?" అక్క గొంతు మారింది. "ఎవరి ప్లేటు గురించి మాట్లాడుతున్నావు నువ్వు?"

చెల్లెలు సంచీలోంచి ఒక ఫోటో తీసి క్యారియరు పక్కన పెట్టింది. విరిగిన ముఖాన్ని వందరెట్లు పెద్దది చేసి తీసిన ఫోటో. ఒక అంచు నుంచి మొదలై, ఒకదాని వెనక ఒకటిగా సన్నని గీతలు, ఇసుక మీద నీళ్ళు వెనక్కి పోతూ వదిలిన గుర్తుల్లా.

అక్క చాలాసేపు చూసింది. చూసి ఫోటోని పక్కకి నెట్టేసింది.

"ఆ మనిషి నా మాట వినలేదు. కర్రలు లేకుండా నడిచాడు. వాళ్ళావిడే స్వయంగా చెప్పింది. నేను కేస్ షీటులో రాశాను కూడా."

"రాశావు. 'రోగి సూచనలు పాటించలేదు' అని. డబ్బాతో వచ్చిన ఫైల్లో చూశాను, డిపో వాళ్ళ ఉత్తరంతో సహా. ఆ ఒక్క ముక్క పట్టుకుని వాళ్ళ డిపోలో అతన్ని డ్రైవరు సీటు నుంచి తీసెయ్యాలని చూస్తున్నారు. ఒళ్ళు చూసుకోని వాడు బండేం చూసుకుంటాడు అని."

"నడిచాడా లేదా?"

"నడిచాడు. ఐదో వారంలో, మంచం నుంచి కిటికీ దాకా నాలుగడుగులు. ఒక్క దెబ్బకి విరిగితే ముఖం ఇలా ఉండదక్కా, మెలితిరిగి చింపినట్టు ఉంటుంది. ఇది రోజూ కాస్త కాస్తగా తెరుచుకుంది. ఈ గీతలు వేల అడుగులవి. ఆరో వారం నుంచి కర్రలతో నడవమని నువ్వే చెప్పావు. అతను చెప్పినట్టే నడిచాడు."

"ప్లేట్లో లోపం ఉండొచ్చుగా!"

"నేనూ అదే అయితే బాగుండుననుకున్నాను. కొత్తవి ఆరు తెప్పించాం. మూడు ఒక్కసారే వంచి, మూడు వంచి మళ్ళీ వెనక్కి వంచి, మనిషి నడిచినట్టు మెషిన్ మీద బరువు పెడుతూ తీస్తూ ఉన్నాం. ఒక్కసారి వంచినవి పది లక్షల సార్లు దాటినా విరగలేదు. మెషిన్ ఆపేశాం. వెనక్కి వంచినవి..." చెల్లెలు కిందికి చూసింది. "ఒక్కటీ లక్ష దాటలేదు."

అక్క కుర్చీ వెనక్కి తోసి లేచింది. కిటికీ దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళింది.

"అంటే నేనే విరగ్గొట్టానంటావు. అంతేగా? నీకు లెక్కలు రాకపోతే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాను. కాలేజీ అప్లికేషన్ నా చేత్తో నింపాను. ఇప్పుడు సంచీ తగిలించుకుని వచ్చి నాకు ఉక్కు గురించి పాఠం చెప్తున్నావు. ఎముకల గురించి నీకేం తెలుసే?"

"ఏమీ తెలీదు."

"మరి నోరు మూసుకుని ఉండాల్సింది!"

"సోమవారం దాకా మూసుకుని ఉండొచ్చు. రేపు పొద్దున అతని కాల్లో ఇంకో ప్లేటు పెడుతున్నావు కదా. అది కూడా ఇలాగే వంచుతావని భయమేసింది."

అక్క కిటికీ రెక్క పట్టుకుని అటు తిరిగే నిలబడింది. కింద అంబులెన్సు ఒకటి రివర్సు చేసుకుంటోంది.

"ఆ రోజు పెట్టెలో అదొక్కటే మిగిలింది," అంది అక్క చివరికి. గొంతులో కోపం పోయింది. "వంపు ఎక్కువైంది. ఇంకోటి కావాలన్నాను. స్టోరు నుంచి తేవాలంటే గంట పడుతుంది మేడమ్ అంది నర్సు. కాలు తెరిచి ఉంది. మత్తులో ఉన్న మనిషిని ఇంకో గంట అలా ఉంచనా? సరిచేసేద్దాం అనుకున్నాను. ఎంత సుఖంగా వచ్చేసిందో. నా చెయ్యి తిరిగిందని మురిసిపోయాను కూడా."

"డబ్బాలో కాగితం ఒకటి ఉంటుంది అక్కా. ఒకసారి వంచాక వెనక్కి వంచొద్దని అందులో రాసే ఉంది."

"ఆ కాగితం ఎవరు చదువుతారే!"

అన్నాక ఆ మాట తన చెవినే పడింది. అక్క వచ్చి కుర్చీలో కూలబడింది. రెండు అరచేతులూ ముందు పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది. చెల్లెలు బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అక్క ఆ చేతిని తోసెయ్యలేదు.

"మా ప్రొఫెసరూ ఇలాగే వంచేవాడు," అంది మెల్లగా. వెంటనే తల విదిలించింది. "అది వేరే సంగతిలే. పద."

"ఎక్కడికి?"

"ఆ డ్రైవరు వార్డుకి. నువ్వూ రా. నాకు ఈ రేణువుల సంగతి చెప్పడం రాదు."

* * *

డ్రైవరు మంచం గోడ పక్కన ఉంది. తొడకి బయటి నుంచి కడ్డీలు బిగించి ఉన్నాయి. యాభై దాటిన మనిషి, పెద్ద చేతులు, చేతికి పని లేక దుప్పటి అంచు మడతపెట్టి విప్పుతున్నాడు. పక్కన స్టూలు మీద ఆయన భార్య పండు ఒలుస్తోంది.

డాక్టరమ్మని చూడగానే ఆమె లేచి నిలబడింది. "రేపటికి అంతా సిద్ధమేనా అమ్మా? ఈసారి నేను కాపలా కూర్చుంటాను. ఈయన కాలు కింద పెడితే ఒట్టు."

"కూర్చోండమ్మా," అంది అక్క. తానూ పక్క మంచం అంచున కూర్చుంది. డాక్టరు కూర్చోవడం చూసి ఆ ఇద్దరి మొహాలూ మారిపోయాయి. నిలబడి చెప్పే వార్తలు వేరు, కూర్చుని చెప్పేవి వేరని ఆస్పత్రిలో పది రోజులున్న ఎవరికైనా తెలుస్తుంది.

"కాలు తీసేస్తారా?" అన్నాడు డ్రైవరు సూటిగా.

"అయ్యో, అదేం లేదన్నా. మీ ప్లేటు ఎందుకు విరిగిందో తెలిసింది. అది చెబుదామని వచ్చాను."

"తెలియకేం! నేను లేచాను కదండీ." ఆయన తల వంచుకున్నాడు. "మా ఇంటి ముందునుంచే పోతుంది నా బస్సు. పదహారేళ్ళు నేనే తోలిన రూటు. నా సీట్లో ఎవరు కూర్చున్నారో చూడాలనిపించింది. కర్రలు దూరంగా ఉన్నాయి. నాలుగడుగులే కదా అనుకున్నాను. బుద్ధి తక్కువై వెళ్ళాను."

"నేను లక్షసార్లు చెప్పానమ్మా," అంది భార్య. "ఆ కిటికీ మూసెయ్యమని కూడా చెప్పాను."

"ఆ నాలుగడుగుల వల్ల విరగలేదు," అంది అక్క.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ప్లేటుని నేను వంచిన పద్ధతి తప్పు. ఒకసారి వంచి, ఎక్కువైందని వెనక్కి వంచాను. దాంతో అది లోపల బలం పోగొట్టుకుంది. మీరు నడిచినా నడవకపోయినా, ఎముక అతికేలోపే అది విరిగేది. ఇది మా చెల్లెలు. లోహాలు పరీక్ష చేస్తుంది. ఈ సంగతి కనిపెట్టింది తనే."

చెల్లెలు జేబులోంచి పేపర్ క్లిప్పు తీసింది. తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. నాలుగోసారికి అది విరిగి రెండు ముక్కలు అరచేతిలో పడ్డాయి. "మీ ప్లేటు ఇంత తొందరగా విరగలేదులెండి. కానీ ఇటూ అటూ వంచితే జరిగేది ఇదే. మీరు కిటికీ దగ్గరికి వెళ్ళినట్టు ప్లేటు మీద గుర్తు కూడా లేదు. నేను వెతికి వెతికి చూశాను."

డ్రైవరు ఆ రెండు ముక్కలనీ తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు.

"అయితే కిటికీ వల్ల కాదంటారు."

"కాదు."

"నేను వెళ్ళకపోయినా..."

"వెళ్ళకపోయినా."

ఆయన గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. భార్య చేతిలో పండు అలాగే ఉంది. ఇన్ని వారాలుగా పొద్దున లేచింది మొదలు ఆయన్ని ఏమేం అందో అన్నీ ఆమెకి ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి. గబగబా లేచి ఆయన తల కింద దిండు సర్దింది. సర్దాల్సిన అవసరమేమీ లేదు. "అయినా చెప్పిన మాట వినకపోవడం తప్పే," అంది ముక్కు చీదుకుంటూ, దిండు మీద ఒక తొన పెట్టి.

"డిపోకి నేను ఉత్తరం రాస్తాను," అంది అక్క. "కేస్ షీటులో రాసింది కూడా ఇప్పుడే మీ ఎదురుగా దిద్దుతాను. ఇంకోటి. రేపటి ఆపరేషను నేను చెయ్యడం మీకు ఇష్టం లేకపోతే చెప్పండి. వేరే డాక్టరుతో ఏర్పాటు చేస్తాను. ఏమీ అనుకోను."

డ్రైవరు ఇటు తిరిగాడు. కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సుని తీసుకెళ్ళి డిపో గోడకి కొట్టానండి. ఎవరికీ ఏం కాలేదు గానీ గోడ పడిపోయింది. మర్నాడు మా ఫోర్‌మన్ మళ్ళీ నన్నే ఎక్కించాడు. ఇక నువ్వు ఆ గోడ జోలికి పోవులేరా అన్నాడు." ఆగి, భార్య వైపు చూశాడు. "నువ్వేమంటావు?"

ఆమె డాక్టరమ్మని తేరిపార చూసింది. తొందరపడలేదు. కోపం ఉంది ఆ చూపులో. ఉండాల్సినంత ఉంది.

"మీరే చెయ్యండి," అంది చివరికి. "కానీ ఈసారి ఒక్కసారే వంచండి. తేడా వస్తే పారేసి ఇంకోటి తీసుకోండి. ఎంతసేపైనా మేం బయట కూర్చుంటాం."

అక్క తల ఊపింది. కేస్ షీటు తీసి, పాత వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసి, కింద కొత్తది రాసి, తారీఖు వేసి సంతకం చేసింది. రాసింది ఆయనకే ఇచ్చి చదవమంది. ఆయన పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

* * *

గదికి తిరిగొచ్చేసరికి మూడు దాటింది. క్యారియరులో అన్నం గట్టిపడింది. అక్క దాని వైపే చూడలేదు. ఆపరేషన్ల రిజిస్టరు తెప్పించి బల్ల మీద పరిచింది.

"పదకొండేళ్ళ సంగతి చూస్తే ఎక్కువమందికి ఎముక అతికేసుంటుంది. అతికాక ప్లేటు ఉన్నా లేకున్నా ఒకటే. గడిచిన ఐదు నెలల వాళ్ళు ముఖ్యం." వేలితో వరసలు దాటుకుంటూ వెళ్ళింది. "తొడ ఎముకలు ఏడు. ఒకటి ఈయన. మిగతా ఆరుగురినీ పిలిచి ఎక్స్-రే తియ్యాలి. ఇవాళే."

అక్క నంబర్లు చదివితే చెల్లెలు ఆమె ఫోన్లోంచి కలిపింది. ఇద్దరు రేపు వస్తామన్నారు. ఒక ముసలాయన, నడవకుండా ఎలా రమ్మంటావని కేకలేసి, మనవరాలు తీసుకొస్తుందని చెప్పాడు. నాలుగో ఆమెకి ఎముక బాగా అతికిందని పాత ఎక్స్-రేలోనే కనిపించింది. ఐదో మనిషి పక్క వీధిలోనే ఉన్నాడు, కదలకుండా పడుకోమని చెప్పి అంబులెన్సు పంపారు.

చెల్లెలు స్పీకరు పెట్టి అక్క చేతికిచ్చాక ఆరో నంబరు చాలాసేపు మోగింది. ఎత్తేసరికి అవతల హోరున గాలి.

"డాక్టరుగారా? మీకు నూరేళ్ళు! ఇప్పుడే మిమ్మల్ని తలుచుకున్నాను," అంది ఒక ఆడ గొంతు, గాలికి వినపడాలని అరుస్తూ.

అక్క ఫోను మూసి పట్టుకుని చెల్లెలితో, "టవర్ క్రేను నడుపుతుంది. మూడు నెలలైంది ప్లేటు వేసి. పనిలోకి వచ్చే నెలే వెళ్ళమని చెప్పాను," అని, మళ్ళీ ఫోన్లోకి, "ఎక్కడున్నావమ్మా నువ్వు?" అంది.

"కోప్పడకండి. మీరు వచ్చే నెలన్నారు గానీ ఇంట్లో ఊపిరాడలేదు. పొద్దున్నే ఎక్కేశాను. క్రేన్ మీదే ఉన్నాను, క్యాబిన్లో. ఎక్కేటప్పుడు ఏ నొప్పీ లేదు. భలే వేశారు ప్లేటు!"

"ఇప్పుడు?"

గాలి హోరులో సీటు కిర్రుమన్న చప్పుడు వినపడింది.

"ఇప్పుడే... మధ్యాహ్నం నుంచి కాలు కదిపితే లోపల టిక్కుమంటోంది. బిగుసుకుందేమో అనుకున్నాను. ఇందాక దిగుదామని లేస్తే కాలు పక్కకి జారిపోయినట్టయింది. అందుకే మిమ్మల్ని తలుచుకుంది."

చెల్లెలు ఫోను లాక్కుంది. "అమ్మా, ఆ కాలి మీద ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు. వింటున్నావా? కూర్చున్నచోటే కూర్చో."

"మీరెవరో గానీ, కూర్చోమంటే ఎలాగండీ?" అవతలి గొంతులో మొదటిసారి నవ్వు పోయింది. "గాలి పెరుగుతోంది. క్రేను ఊగుతోంది. క్యాబిన్లో నేనొక్కదాన్నే. కిందికి నూట తొంభై మెట్ల నిచ్చెన ఉంది. ఎలా దిగమంటారు?"